గ్రూపు ఎంచే ముందు లెక్కల నోట్‌బుక్ చూడండి

పదో తరగతి పరీక్షలు అయిపోయాయంటే చాలు, ఫలితాలు రాకముందే కాలేజీల పీఆర్వోలు మన వీధుల్లోకి వచ్చేస్తారు. పలాస, కాశీబుగ్గ, టెక్కలి సరే. జీడితోటల మధ్యనున్న ఉద్దానం ఊళ్ళకి కూడా బైకులేసుకుని వస్తారు. చేతిలో రంగుల కాగితం, దాని నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. "ఇప్పుడే సీటు రిజర్వు చేసుకుంటే ఫీజు తగ్గిస్తాం మేడమ్" అంటారు. మనకీ అప్పటికే కాస్త కంగారు ఉంటుంది. పక్కింటివాళ్ళు కట్టేశారని తెలిస్తే ఇంకా కంగారు. అడ్వాన్సు కట్టేస్తాం. మన పిల్లకి ఏం వచ్చు, ఏం రాదు అన్న మాట ఆ కాగితంలో ఉండదు, ఆ రోజు ఇంట్లో మాటల్లోనూ ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించాలనుకుంటే మొదట తేల్చుకోవాల్సింది వాళ్ళకి లెక్కలు ఎంతవరకు వచ్చు అన్నది. ఏ కోర్సు అన్నది ఆ తర్వాత. ఏ కాలేజీ అన్నది అన్నిటికన్నా చివర. మన ఇళ్ళలో ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. రెండో మాట, కొడుకుని ఏ కొలతతో చూస్తామో కూతుర్నీ అదే కొలతతో చూడాలి. అది కూడా నడవడం లేదు.

ముందు దారులేమిటో చూద్దాం. పదో తరగతి తర్వాత బీటెక్‌కి చేరే దారులు మన జిల్లా పిల్లలకి ప్రధానంగా మూడు.

మొదటిది అందరికీ తెలిసిన ఎంపీసీ. రెండేళ్ళ ఇంటర్, తర్వాత ఎంసెట్. 2021లో దాని పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ మన నోటికి ఇంకా ఎంసెట్టే. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అందులో 80 లెక్కలు, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. అంటే సగం పేపరు లెక్కలదే. తప్పు జవాబుకి మార్కు కోత లేదు. ఇక ర్యాంకులో ఈ పరీక్షకి 75 శాతం, ఇంటర్ మార్కులకి 25 శాతం. ఆ పాతిక శాతంలో కలిపేది గ్రూపు సబ్జెక్టుల మార్కులే, భాషల మార్కులు కావు. "తెలుగు పెడితే మార్కులు పోతాయి, సంస్కృతం పెట్టించండి" అని చెప్పేవాళ్ళకి ఈ సంగతి ఒకసారి గుర్తు చేయండి. బీఏ తెలుగు చదివిన దాన్ని కాబట్టి ఆ మాట నాకు కొంచెం ఎక్కువే గుచ్చుకుంటుంది. అయినా ఇది అభిమానంతో చెబుతున్నది కాదు, లెక్క ప్రకారం చెబుతున్నదే.

ఎన్‌ఐటీ, ఐఐటీల మీద ఆశ ఉంటే ఎంసెట్ చాలదు, జేఈఈ మెయిన్ రాయాలి. 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఇక్కడ తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. ఎన్‌ఐటీ సీటు కావాలంటే ఇంటర్ మార్కుల్లో 75 శాతమైనా ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 65 శాతం చాలు. ఇక్కడ మాత్రం భాష మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి. 2021 నుంచి ఈ పరీక్ష ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తున్నారు. తిరుపతి ఐఐటీ, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ రెండూ 2015లో మొదలయ్యాయి. ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే. కాబట్టి ఆ ఆశ పెట్టుకోవడం తప్పేమీ కాదు.

రెండోది ట్రిపుల్ ఐటీ. 2008లో పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానిది. శ్రీకాకుళం క్యాంపస్ 2016లో మొదలై కొన్నాళ్ళు నూజివీడులోనే నడిచింది. తర్వాత ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురానికి వచ్చింది. పదో తరగతి మార్కుల మీదే సీటు. చేరితే ఆరేళ్ళు అక్కడే. మొదటి రెండేళ్ళు ఇంటర్‌కి సమానమైన పీయూసీ, తర్వాత నాలుగేళ్ళు బీటెక్. మధ్యలో ఎంసెట్ బెంగ ఉండదు. ప్రభుత్వ బడుల్లో, జిల్లా పరిషత్ బడుల్లో ఇంటినుంచి వెళ్ళి చదువుకున్న పిల్లలకి 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. మన పల్లె పిల్లలకి ఇంతకన్నా మేలైన ఏర్పాటు ఇంకోటి నాకు కనబడలేదు. ఒకటే జాగ్రత్త. సీటు పదో తరగతి మార్కులతో వస్తుంది, కానీ ఏ బ్రాంచి అన్నది పీయూసీ మార్కులతో తేలుతుంది. సీటొచ్చిందని ఊరుకుంటే సరిపోదు, ఆ రెండేళ్ళూ కష్టపడాల్సిందే.

మూడోది పాలిటెక్నిక్ డిప్లొమా. దీన్ని మనం చాలా చిన్నచూపు చూస్తాం. పదో తరగతి సిలబస్ మీద పాలిసెట్ 120 మార్కులకి ఉంటుంది. కోర్సు మూడేళ్ళు. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా చేరవచ్చు. వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు, అదీ ఆరే. ఒక్క ఏడాది కూడా నష్టం లేదు. తేడా ఎక్కడంటే, డిప్లొమా పిల్ల చేతికి మూడేళ్ళకే ఉద్యోగం అడగడానికి ఒక పట్టా వస్తుంది. గల్ఫ్‌కో చెన్నైకో పనికి వెళ్ళిన మన ఉద్దానం మగవాళ్ళని అడగండి. ఫిట్టరుకీ, వెల్డరుకీ, డిప్లొమా చేసి వచ్చిన సూపర్‌వైజరుకీ జీతంలో ఎంత తేడానో వాళ్ళే చెబుతారు.

ఈ దారిలో ఇబ్బందులూ చెప్పాలి. ఈసెట్‌తో చేరే సీట్లు తక్కువ, కాలేజీ మొత్తం సీట్ల మీద పది శాతం చొప్పున అదనంగా ఇచ్చేవే. ఐఐటీ, ఎన్‌ఐటీ ఆశ ఉన్న పిల్లకి ఈ చదువు నప్పదు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈసెట్‌లో 200 ప్రశ్నలుంటే 100 బ్రాంచివి, 50 లెక్కలు, 25 ఫిజిక్స్, 25 కెమిస్ట్రీ. "మా గుంటడికి లెక్కలు రావు, డిప్లొమాలో వేసేద్దాం" అనే మాట మన దగ్గర తరచుగా వినబడుతుంది. వేసేయొచ్చు. కానీ లెక్కలు అక్కడికీ వెంట వస్తాయి. డిప్లొమా మొదటి ఏడాదిలోనే వస్తాయి, ఈసెట్‌లో మళ్ళీ వస్తాయి.

మూడు దారులూ చూశారు కదా. మూడింట్లోనూ లెక్కలున్నాయి. అందుకే మొదట అది చూడమంటున్నాను.

"మాకే లెక్కలు రావు, పిల్లలకి వచ్చో రాదో మాకేం తెలుస్తుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను చదివింది కూడా తెలుగే. అయినా తల్లి చూడగలిగినవి మూడున్నాయి.

ఒకటి, రఫ్ నోట్‌బుక్. ఫెయిర్ నోట్‌బుక్ బోర్డు మీద ఉన్నది ఎక్కించుకున్నది, దానితో ఏమీ తెలియదు. రఫ్‌లో ఒక లెక్క తప్పుపోయాక ఏం చేశారో చూడండి. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టారా, లేక అక్కడితో వదిలేసి గైడులోంచి జవాబు దించేశారా? తప్పుపోయినా మళ్ళీ చేసే పిల్లకి ఎంపీసీ బరువు కాదు.

రెండు, మనకి చెప్పమని అడగండి. వర్గ సమీకరణమో, శ్రేఢో, త్రికోణమితిలో చెట్టు ఎత్తు కనుక్కునే లెక్కో ఏదో ఒకటి. "ఈ లెక్కలో ఏం అడిగాడు, నువ్వు ముందు ఏం చేశావు, ఎందుకు చేశావు?" అనండి. జవాబు సరైనదో కాదో మనకి తెలియక్కర్లేదు. ఎందుకు చేశారో మామూలు మాటల్లో చెప్పగలిగితే అర్థమైందన్నమాట. "సార్ అలాగే చేయమన్నారు" అంటే అర్థం కాలేదన్నమాట.

మూడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల మార్కులు తీసి చూడండి. పదో తరగతి మార్కులు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఏడాదంతా మోడల్ పేపర్లు రుద్దిస్తే చాలామందికి మంచి మార్కులే వస్తాయి. రుద్దుడు లేని ఏడాదిలో లెక్కల మార్కులు ఎలా ఉన్నాయన్నదే నిజం చెబుతుంది. వీలైతే బడిలో లెక్కల మాస్టారినో టీచరుగారినో కలవండి. వాళ్ళకి మీ పిల్ల సంగతి పీఆర్వో కన్నా బాగా తెలుసు, పైగా వాళ్ళకి కమీషను రాదు.

ఈ మూడూ చూశాక లెక్కలంటే ఇష్టం, ఓపిక రెండూ ఉన్నాయనిపిస్తే ఎంపీసీ గానీ ట్రిపుల్ ఐటీ గానీ నిశ్చింతగా పంపండి. లెక్కలు ఫరవాలేదు గానీ పుస్తకం కన్నా చేతిపని ఇష్టం, మోటారు విప్పి చూస్తాడు, స్విచ్‌బోర్డు తనే బాగుచేస్తుంది అంటే డిప్లొమా వాళ్ళకి చక్కగా సరిపోతుంది. లెక్కలు చూస్తేనే కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్లని మాత్రం ఇంజనీరింగ్ పేరు చెప్పి హింసించకండి. బతకడానికి వేరే చదువులు చాలా ఉన్నాయి.

కొత్తగా వచ్చిన మార్పు కూడా చెప్పాలి. 2025-26 నుంచి మన ఇంటర్‌లో లెక్కలు ఏ, బీ రెండు పేపర్లు కలిపి ఒకటే చేశారు. ఎంపీసీ పిల్లలు జీవశాస్త్రం కూడా తీసుకునే వీలు ఇచ్చారు. దీన్ని ఎంబైపీసీ అంటున్నారు. ఇంజనీరింగ్‌కీ మెడిసిన్‌కీ రెండింటికీ తలుపు తెరిచి ఉంటుంది కదా అని చాలామంది తల్లులు సంబరపడుతున్నారు. రెండూ నిజంగా ఇష్టమైన పిల్లకి మంచిదే. ఏదీ తేల్చుకోలేక మనం రుద్దితే మాత్రం రెండు పడవల మీద కాళ్ళు పెట్టించినట్టే. జేఈఈ, నీట్ రెండింటికీ ఒకే ఒంటితో చదవాలి, రోజుకి ఇరవైనాలుగు గంటలే.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

మన దగ్గర చాలా ఇళ్ళలో కొడుక్కి విశాఖలోనో విజయవాడలోనో హాస్టల్, కూతురికి ఊరికి దగ్గర్లో బైపీసీ. "ఆడపిల్లకి నర్సింగో, టీచరో అయితే చాలదేటి వదినా" అంటారు. నర్సింగ్ గొప్ప చదువే, ఉద్దానానికి నర్సులు ఎంత అవసరమో కిడ్నీ జబ్బు చూసిన ఇళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పిల్ల ఇష్టపడి ఎంచుకుంటే ఎవరు కాదంటారు? కానీ తొంభై మార్కుల లెక్కల పిల్లని ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో బైపీసీలో చేరిస్తే, ఎంసెట్‌లో ఇంజనీరింగ్ తలుపు పదిహేనేళ్ళకే మూసుకుపోతుంది. లెక్కలు అంతంతమాత్రంగా ఉన్న కొడుక్కి అదే తలుపు తెరవడానికి రెండేళ్ళు లక్షలు పోస్తాం. ఇద్దరికీ అన్యాయమే. వాడు అక్కడ రాని లెక్కలతో కుస్తీ పడతాడు, ఇది ఇక్కడ వచ్చిన లెక్కలు మర్చిపోతుంది.

ప్రభుత్వం ఆడపిల్లలకి ఇచ్చిన వాటా ఎంతో చాలామంది తల్లులకి తెలియదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ప్రతి కేటగిరీలోనూ మూడింట ఒక వంతు సీట్లు ఆడపిల్లలవి. ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో అదనపు సీట్లు పెట్టి ఆడపిల్లల వాటా 20 శాతం ఉండేలా చూస్తున్నారు. ఒకే ర్యాంకు వచ్చిన అన్నాచెల్లెళ్ళలో చెల్లెలికే మంచి సీటు దొరికే అవకాశం ఎక్కువ. ఆ పిల్లనే మనం పరీక్ష దాకా రానివ్వడం లేదు.

"దూరం" అంటారు. దూరం భయం నాకూ తెలుసు. కానీ 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఉద్దానం నుంచి పలాసకో టెక్కలికో రోజూ వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చి చదువుకోవచ్చు. ఇంట్లో డయాలిసిస్‌కి తీసుకెళ్ళాల్సిన మనిషి ఉంటే, ఆ ఇంటి పిల్లని దూరం పంపడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ ఇళ్ళకి దగ్గర్లో ఎంపీసీ గానీ, టెక్కలి, శ్రీకాకుళం పాలిటెక్నిక్‌లు గానీ నిజంగా ఆసరా. బీటెక్ దాకా వచ్చాక కూడా టెక్కలిలోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, జిల్లాలో ఇంకా ఉన్నాయి. దగ్గర్లో చదివించడం తప్పు కాదు. దగ్గర అన్న సాకుతో గ్రూపు మార్చేయడం తప్పు.

డబ్బు మాట కూడా మాట్లాడుకుందాం. కార్పొరేట్ హాస్టళ్ళు ఏడాదికి లక్ష దాటి రెండు లక్షల దాకా అడుగుతున్నాయి. మన తోటల ఆదాయం ఎంతో మనకి తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి చెట్లు పడగొట్టేసింది. మళ్ళీ నాటిన కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. అలాంటి చోట అప్పు చేసి ఇంటర్‌కే మూడు నాలుగు లక్షలు ఖర్చుపెడితే, తీరా బీటెక్‌కి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. కన్వీనర్ కోటాలో సీటొస్తే అర్హత ఉన్న కుటుంబాలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అయినా హాస్టల్, లాప్‌టాప్, ప్రయాణాలు మన మీదే పడతాయి. ర్యాంకు రాక మేనేజ్‌మెంట్ కోటాకి వెళ్తే మొత్తం మన మీదే. డబ్బు దాచాల్సింది ఆ నాలుగేళ్ళ కోసం.

దీనికి ఎదురుమాట ఒకటుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. "ఊళ్ళో కాలేజీలో లెక్చరర్లు ఉండరు, కోచింగ్ ఉండదు, అక్కడ చదివితే ర్యాంకు వస్తుందా?" నిజమే, అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చేర్చే ముందు ఆ కాలేజీకి స్వయంగా వెళ్ళి లెక్కలకి, ఫిజిక్స్‌కి, కెమిస్ట్రీకి ముగ్గురు లెక్చరర్లూ ఉన్నారా, పోయినేడు ఎంపీసీలో ఎంతమంది పాసయ్యారు అని అడగాలి. లేకపోతే పక్క ఊరి కాలేజీ చూడాలి. జేఈఈలో మంచి ర్యాంకు తెచ్చుకునే సత్తా ఉన్న పిల్లకి గట్టి కోచింగ్ అవసరమే, హాస్టల్ ఖర్చు ఆ పిల్ల మీద పెడితే అర్థం ఉంది. ఆ పిల్ల ఆడపిల్లయినా సరే. కానీ హాస్టల్‌కి వెళ్ళేవాళ్ళందరూ ఆ సత్తా చూసి వెళ్తున్నవాళ్ళు కారు. ఎక్కువమంది వెళ్ళేది పక్కింటివాళ్ళు పంపారని. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, సెక్షన్లు మార్చడాలు. లెక్కల్లో పునాది లేని పిల్ల ఆ వేగంలో ఇంకా వెనకబడుతుంది. అక్కడ వెనకబడ్డ సంగతి ఇంటికి ఫోన్‌లో చెప్పడానికి కూడా పిల్లలు భయపడతారు. ఈ మాట ప్రతి తల్లీ ఆలోచించాలి.

ఈ వేసవిలో పదో తరగతి పిల్లలున్న అక్కచెల్లెళ్ళని నేను కోరేది ఇంతే. ఫలితాలు రాకముందు ఎవరికీ అడ్వాన్సు కట్టకండి. పాలిసెట్ రాయించండి, చేరకపోయినా పర్లేదు, పదో తరగతి లెక్కలు ఎంత వచ్చో ఆ పరీక్షే చెబుతుంది. ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టించండి. నిబంధనలు ఏటా కాస్త మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ పిల్లలచేతే చదివించుకుని వినండి. తల్లికి వందనం డబ్బు మన పేరు మీద, మన ఖాతాలో పడుతోంది. డబ్బు మన ఖాతాలో పడి, నిర్ణయం మాత్రం మనల్ని అడక్కుండా జరిగిపోతే ఎలా? గ్రూపు తేల్చే రోజు వంటింట్లో ఉండిపోకుండా వచ్చి కూర్చోండి. పిల్లనీ కూర్చోబెట్టండి. లెక్కల రఫ్ నోట్‌బుక్ చేతిలో పెట్టుకుని మాట్లాడండి.